కఫంలో రక్తం: ఉపేక్ష తగదు

దక్షుని శాపంతో క్షీణించిన చంద్రుడు పరమేశ్వరుని శరణు వేడి తిరిగి వృద్ధి పొందాడని పురాణగాథ. నక్షత్రరాజైన చంద్రునికి సోకినందుననే క్షయవ్యాధికి ఆయుర్వేదంలో రాజయక్ష్మ అనే పేరు కలిగింది. చంద్రుడు తన బాధను దాచుకొనలేదు. మనలో కొందరు మాత్రం దగ్గుతో రక్తం పడినా, ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి ఆగిపోతుందనో, ఊరివారు దూరం పెడతారనో దాచుకుంటారు. రెండు రోజులకు రక్తం ఆగితే రోగం పోయిందనుకుంటారు. రక్తం ఆగడం వేరు, రోగం నయమగుట వేరు.

ముందుగా రక్తం ఎక్కడిదో గుర్తించాలి. ఊపిరితిత్తుల నుండి వచ్చేది ఎర్రగా, నురగతో, కఫంతో కలిసి ఉంటుంది. కడుపు నుండి వాంతిగా వచ్చేది తరచు కాఫీపొడి రంగులో ఉంటుంది. ముక్కు, చిగుళ్ళ రక్తం కూడ ఉమ్మిలో కలియవచ్చు.

క్షయ ఒక్కటే కారణం కాదు. శ్వాసనాళాల వాపు, న్యుమోనియా, బీడీ, చుట్ట, సిగరెట్ల వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సరు, కీళ్ళవాత జ్వరంతో దెబ్బతిన్న గుండె కవాటం, రక్తం పలుచబరచే మాత్రలు కూడ కారణాలు కావచ్చు. కనుక ఊహ చాలదు, పరీక్ష కావాలి. ఛాతీ ఎక్స్‌రే, కఫ పరీక్ష మొదటివి. అవసరమైతే సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీ, గుండెకు ఎకో పరీక్ష చేస్తారు.

చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది. 1882లో రాబర్ట్ కోచ్ కనుగొన్న సూక్ష్మజీవి వల్ల కలిగే క్షయ, సాధారణంగా ఆరు నెలల మందులతో నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో కఫ పరీక్ష, మందులు ఉచితం. పోషకాహారానికి చికిత్సాకాలంలో నెలకు 1000 రూపాయలు ఇస్తారు. కొద్ది వారాలకే ఒంట్లో బాగున్నా మందు మానరాదు. మానితే మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంది. లంక గ్రామాలవారు గోదావరి వరదకు ముందే, రేవులు నడుస్తుండగానే, సరిపడా మందులు అడిగి తెచ్చుకోవాలి.

అరగ్లాసు రక్తం పడినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోను చేయాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టక, కూర్చోబెట్టి ముందుకు వంగనివ్వాలి.

అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా, ఒక్కసారి రక్తం కనిపించినా ఆ వారంలోనే వైద్యుని దర్శించండి. స్వామికి మ్రొక్కిన చేతులతోనే మందును కూడ స్వీకరించండి.