తట్టుకు రెండవ టీకా ఎందుకు?

తొమ్మిదవ నెలలో తట్టుటీకా వేయించితిమి గదా, పదహారవ నెలలో మరల ఎందుకని తల్లులు నన్ను తరచుగా అడుగుచుందురు. మొదటిది పనిచేయలేదా యని కొందరి అనుమానము. అందులో కొంత నిజమున్నది.

గర్భము చివరి మాసములలో తల్లి రక్తమునందలి యాంటీబాడీలు, అనగా రోగక్రిమిని గుర్తించి పట్టుకొను రక్షక పదార్థములు, మాయ ద్వారా శిశువునకు చేరును. తల్లికి పూర్వము తట్టు వచ్చియున్నను, టీకా పడియున్నను ఈ సొత్తు బిడ్డకు దక్కును. పుట్టిన తరువాత అది నెలనెలకు తరిగిపోవును. నెలలు నిండక పుట్టిన శిశువునకు వచ్చునదే తక్కువ.

చిక్కు ఇచ్చటనే ఉన్నది. తట్టుటీకాలో ఉండునది బలహీనపరచిన సజీవ వైరస్. అది శిశుదేహములో కొద్దిగా వృద్ధి చెందిన గాని ఆ దేహము సొంత యాంటీబాడీలను తయారుచేసికొనదు. తల్లి ఇచ్చిన రక్షణ ఇంకను మిగిలియున్నచో ఆ వైరస్‌ను అదియే అణచివేయును. అందుచేత తొమ్మిదవ నెలలో టీకా పొందిన శిశువులలో నూటికి సుమారు 85 మందికే రక్షణ కలుగును. ఏడాది నిండిన పిదప వేసినచో ఆ సంఖ్య 95 వరకు పెరుగును.

అట్లయిన ఏడాది వరకు ఆగరాదా? ఆగరాదు. తల్లి రక్షణ తరిగిన నాటినుండి బిడ్డ నిరాయుధుడే. న్యుమోనియా, అతిసారము, కంటిచూపు పోవుట తట్టు వెంట వచ్చు ఉపద్రవములు. కనుక మొదటి టీకా తొమ్మిదవ నెలలోనే వేసి, అప్పుడు స్పందించని ఆ 15 మంది కొరకు రెండవది వేయుదురు. వారెవరో చూచి చెప్పు గుర్తు లేదు గనుక బిడ్డలందరికీ వేయవలసినదే. 2010లో ఈ రెండవ మోతాదు మన జాతీయ కార్యక్రమమున చేరినది. 2017 నుండి రుబెల్లా టీకాతో కలిపి ఇచ్చుచున్నారు.

టీకా పడిన వారము పది దినములకు కొందరు పిల్లలకు జ్వరము, పలుచని దద్దుర్లు కనిపించును. పెద్దలకు వలె లంఘనము చేయించరాదు. చనుబాలు టీకాను చెడగొట్టునను భయమునకు ఆధారము లేదు, పాలు మాన్పవలదు.

నేను గురుముఖమున ఆయుర్వేదము చదివినవాడను గనుక, సువర్ణప్రాశనము చేయించితిమి, ఇంకను టీకా అవసరమా యని అడుగువారును కలరు. కాశ్యపసంహిత లేహాధ్యాయమున ఆ విధి ఉన్నది, దానిపై నాకు గౌరవమున్నది. అయితే తట్టువైరస్‌ను గుర్తించు యాంటీబాడీలు ప్రాశనముతో పుట్టవు. పైగా అందులో తేనె కలియును. ఏడాది నిండని శిశువునకు తేనె వలన బొటులిజమ్ అను ప్రమాదకర వ్యాధి రాగలదు కావున నాకించరాదు.

రెండవ టీకా 16 నుండి 24 నెలల మధ్య వేయించవలెను. సాధారణ జలుబు దానికి అడ్డు కాదు. గడువు దాటినదని వదలివేయవలదు, అయిదేండ్లు నిండువరకు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో వేయుదురు. మీ బిడ్డ టీకాకార్డు తీసి ఆ గడి నిండినదో లేదో చూడుడు.