ఆటలో అడ్డదారులు, అనేక అకౌంట్లు

నేటి ప్రసంగవిషయము వినినంతనే కొందఱు పెద్దలు నవ్వుకొందురేమో. పిల్లలు కంప్యూటరుపై నాడు ఆటలలో న్యాయాన్యాయవిచారణ యేల యని వారు ప్రశ్నింపవచ్చును. ఒక జూదమువలన కులమంతయు నశించిన కథను చిన్ననాటినుండి వినుచున్న మనము, ఆటలోని న్యాయము అల్పవిషయమని త్రోసివేయరాదు. పైగా ఈ ఆటలాడువారందఱు పిల్లలు కారు. ఉద్యోగస్థులును, గృహిణులును వీరిలో పెక్కుమంది కలరు.

ఒకరినొకరు చూడకయే వేలకొలది జనులు ఒకే కల్పితలోకమున ప్రవేశించి యాడు ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది, 2004వ సంవత్సరము నవంబరులో అమెరికాయందు వెలువడిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’. ఆడువాడు ఇందొక పాత్రను ధరించును. ఆ పాత్ర ఒకటవ లెవెలున పుట్టి, మృగములను సంహరించియు, ఊరివారు చెప్పిన పనులు నెఱవేర్చియు, అనుభవమును కూడబెట్టుకొని పైకెక్కవలయును. ఆరంభమున పరమావధి 60వ లెవెలు. గుహలలోని ఘోరశత్రువులను జయించుటకు ఐదుగురు కూడవలయును: దెబ్బలు కాచుకొనువాడొకడు, గాయములు మాన్పువాడొకడు, కొట్టువారు ముగ్గురు.

ఈ యెక్కుటలో శ్రమ తగ్గించు నిచ్చెనలు కొన్ని యున్నవి. వైకుంఠపాళిలో నిచ్చెన యెక్కినవాని నెవరును నిందింపరు. గవ్వలు అందఱికి నొక్కటే కదా. ఇచ్చటి నిచ్చెనలు అట్టివి కావు. ఒకటి, తీఱికలేనివారికై నిర్మాతలే పెట్టినది. పాత్రను సత్రములో నిలిపి ఆట మానినచో, 8 గంటలకు లెవెలులో ఇరువదవ వంతు చొప్పున విశ్రాంతిఫలము చేరును. ఆ ఫలమున్నంతవఱకు శత్రుసంహారమువలన వచ్చు అనుభవము రెట్టింపగును. దీనికొక చిత్రమైన చరిత్ర కలదు. ఆట విడుదలకు పూర్వము, పరీక్షాదశలో, ఎక్కువసేపు ఆడినవానికి అనుభవము సగమునకు తగ్గునట్లు నియమించిరి. ఆడువారు మండిపడిరి. అంతట నిర్మాతలు లెక్క మార్చక పేరు మార్చిరి. సగమును సామాన్యమనియు, పూర్తిని రెట్టింపనియు పిలిచిరి. అందఱును సంతోషించిరి!

రెండవది 2008లో వచ్చినది. క్రొత్తవానిని చేర్చినవాడును, చేరినవాడును కలిసి యాడినచో ఇద్దఱికిని అప్పట్లో మూడురెట్ల అనుభవము లభించెడిది. స్నేహమును పెంచుటకై పెట్టిన ఈ బహుమానమును కొందఱు తమకు తామే స్నేహితులై సంపాదించిరి. రెండవ అకౌంటు కొని, తమ్ము తామే ఆహ్వానించుకొని, రెండు పాత్రలను రెండు చేతులతో నడపిరి. మూడవది కొనుగోలు. 2014లో 60 డాలర్లిచ్చినవాని పాత్ర ఒక్కసారిగా 90వ లెవెలునకు చేరెను. 2021లో పాత ఆటయొక్క రెండవ ఘట్టమును మరల తెఱచినపుడు 58వ లెవెలును 40 డాలర్లకు విక్రయించిరి. అయితే అకౌంటునకు ఒక్కమాఱు మాత్రమే.

పూర్వపక్షి యిట్లనును: ‘ఈ మార్గమంతయు నేనొకసారి నడచితిని. నా మిత్రులందఱు కొండమీదనున్నారు. నాకు దినమునకు గంటయే తీఱిక. బండియెక్కి పోయిన నీ సొమ్మేమి పోయెను?’ ఈ వాదమును నేను తేలికగా త్రోయను. తిరుమలకు మెట్లదారిని పోవువాడు, బస్సులో వచ్చినవానిని దర్శనమునకు అనర్హుడనడు. పని నేర్వక పైకి వచ్చినవానివలన తోడివారు నలుగురికి ఒక గంట వృథాయగుట నిజమే. కాని అది దిద్దుకొనవచ్చిన తప్పు.

నష్టపడువాడు వేఱొకడు. వాడు క్రింది మెట్టుననే యున్నాడు. అందఱును బండ్లలో పోయినచో మెట్లదారిని వానికి తోడెవరు? ఇరువదవ లెవెలు గుహకు సైతము ఐదుగురు కావలయును గదా. మా మనుమడు తానాడు నొక ఆటలో ఇట్లే గుహద్వారమున నిలిచి, తోడు రండని పిలుచుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. అరగంటలో వచ్చిన జాబులన్నియు ధరల పట్టికలే. ‘ఇంత బంగారమిమ్ము, శత్రువులనందఱిని నేనొక్కడనే చంపెదను, నీవు గుమ్మమున నిలువుము’ అని వాని సారము. వాడు నావైపు తిరిగి, “తాతయ్యా, వీళ్లు నన్ను ఆడకుండా ఉండమని డబ్బడుగుతున్నారు” అనెను. ఇంతకంటె చక్కగా ఈ యన్యాయమును నేను వివరింపజాలను.

ఇక అనేక అకౌంట్ల మాట. ఐదు విండోలు తెఱచి ఐదు పాత్రలను ఒక్కడే యాడించువారు కలరు. ప్రతి అకౌంటునకును రుసుము చెల్లించుచున్నామని వారి సమాధానము. శతావధాని నూర్గురు పృచ్ఛకులకు ఒక్కడే ఉత్తరమిచ్చిన చేతులెత్తి మ్రొక్కు మనము వీరిని దూషింపనేల యని నాకును మొదట తోచెను. కాని భేదము కలదు. అవధానిని ప్రతి పృచ్ఛకుడును వేఱుగా నడుగును. దేని ధారణ దానిదే. వీరిలో పలువురు వాడిన సాధనము, ఒక మీట నొక్కగనే ఆ యాజ్ఞను ఐదు పాత్రలకు ఒకే క్షణమున పంపెడిది. ఇందు అవధానమెక్కడిది? యుద్ధరంగమున ఐదుగురు షామన్లు ఒక్కసారిగ పిడుగులు విసరినచో ఎదుటివానికి రెప్పవాల్చు వ్యవధి యుండదు. మూలికలను కోయుచోటను ఇట్లే. పది పాత్రలవాడు ఒక్క పర్యటనలో పదింతలు కోసి అంగడిలో ధర పడగొట్టగా, ఒక్క పాత్రతో కోసి అమ్ముకొనువాని శ్రమ చౌకబడెను. 2020 నవంబరులో ఆ కంపెనీ ఇట్టి సాధనములను నిషేధించెను. అనేక అకౌంట్లను మాత్రము నిషేధింపలేదు. ఈ విభాగము నాకు యుక్తముగ తోచుచున్నది. ఐదు పాత్రలు గలవానికి తోడు అక్కఱలేదు గనుక, గుహద్వారమున నిలిచినవానికి చోటు దొరకదన్న లోపము మాత్రము దీనివలన తీఱలేదు.

ఐస్లాండు దేశీయులు 2003లో ఆరంభించిన ‘ఈవ్ ఆన్‌లైన్’ మార్గము వేఱు. అందు నేర్పు గడియారముతో పెరుగును. ఆడినను, నిద్రించినను ఒక్కటే. కావున ముందు చేరినవానిని వెనుక వచ్చినవాడు అందుకొనుట దుర్ఘటము. 2016లో ఒక పాత్రనుండి నేర్పును పిండి మఱియొక పాత్రకు విక్రయించు వీలు కల్పించిరి. యయాతి పూరుని యౌవనమును గ్రహించిన కథ జ్ఞప్తికి వచ్చును. అయితే ఒక నియమము పెట్టిరి: క్రొత్తవానికి ఐదు లక్షల పాళ్లును పూర్తిగా ఎక్కును; ఎనిమిది కోట్లకు మించిన నేర్పుగలవానికి అందులో లక్షన్నర మాత్రమే. అదిగాక, చేరినవాడు మొదటినాడే చిన్న ఓడ నెక్కి, పెద్దల నౌకాదళముతో పోయి, శత్రునౌకను పాఱిపోకుండ పట్టి నిలుపగలడు. పెద్దలకు వానితో పని కలదు, వానికై వేచియుందురు.