ఇంటి వద్ద రక్తపు పోటు

దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెల నుండి భద్రాచలం ఆసుపత్రికి వచ్చిన మనిషి ప్రయాణపు అలసటతో, పరీక్షాభయముతో బల్లపై కూర్చుంటాడు. అప్పుడు చూసిన రక్తపు పోటే అతని నిత్యజీవితపు పోటు అని ఎట్లా అనగలము? కొందరికి వైద్యుని ఎదుట మాత్రమే పెరుగుతుంది. వారు అనవసరముగా మందులు మింగవచ్చును. మరికొందరికి అక్కడ సరిగా ఉండి, ఇంటి వద్ద హెచ్చుగా ఉంటుంది. ఈ రెండవదే మనము ఎక్కువ భయపడదగినది. రోగి నిశ్చింతగా తిరుగుతుంటాడు.

చేతికి గాలిపట్టీ చుట్టే సాధనమును 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచ్చి రూపొందించాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ స్టెతస్కోపుతో చప్పుడు విని పోటును గుర్తించే పద్ధతి చెప్పాడు. నేటి బ్యాటరీ యంత్రము చప్పుడు వినదు. పట్టీలోని నాడీకంపనమును లెక్కిస్తుంది. కనుక అంకెలు చదవగలిగిన వారెవరైనా చూడవచ్చును.

అయితే పద్ధతి తప్పరాదు. వీపు ఆనించి, పాదములు నేలపై ఉంచి, ఐదు నిమిషములు మౌనముగా కూర్చుండవలెను. చేయి గుండె ఎత్తున ఉండవలెను. చొక్కా మీద పట్టీ చుట్టరాదు. అరగంట ముందునుండి టీ, చుట్ట, బీడీ కూడవు (మన వైపు ఇదే కష్టము!). ఏడు దినములు ఉదయము, సాయంత్రము రెండేసి మార్లు చూసి, మొదటి దినపు అంకెలు విడిచి, మిగిలినవాటి సగటు తీయవలెను. ఆసుపత్రిలో 140/90 హద్దు. ఇంటి వద్ద 135/85.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటి దారులు మునిగినవి. అట్టి దినములలో ఊరిలో ఒక యంత్రమున్నా మేలే. సెలవులకు వెళ్ళే విద్యార్థులు నాయనమ్మకో, నానీకో ఏడు దినముల అంకెలు నోటుపుస్తకములో వ్రాసి, దానిని వైద్యునికి చూపవలెను. అంకె తగ్గినదని మాత్రలు మాన్పించరాదు.