పిల్లల సంరక్షకుల పూర్వాపరాల పరిశీలన : సంస్థల బాధ్యత

బాలలను పాఠశాలకో, వసతిగృహానికో పంపే తల్లిదండ్రులు అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరి గురించి తెలుసుకోవడం సాధ్యం కాదు. ఆ బాధ్యతను చట్టం సంస్థల యాజమాన్యాలపై ఉంచింది. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ (పోక్సో) చట్టం, 2012 కింద కేంద్ర ప్రభుత్వం 2020 మార్చిలో జారీ చేసిన నియమావళి ఈ విషయాన్ని స్పష్టంగా నిర్దేశించింది. పాఠశాలలు, శిశు సంరక్షణ కేంద్రాలు, క్రీడా అకాడమీలు, పిల్లలకు ఆశ్రయమిచ్చే సంస్థలు తమ సిబ్బంది గురించి పోలీసు వెరిఫికేషన్, పూర్వాపరాల పరిశీలన జరిపించాలి. నియామక సమయంలో ఒకసారి జరిపి ఊరుకొనుటకు వీలులేదు. నిర్ణీత కాలవ్యవధులలో తిరిగి జరిపించవలసి ఉంటుంది.

ఎవరెవరికి వర్తిస్తుంది?

బోధన సిబ్బందితో పాటు బోధనేతర సిబ్బందికి, శాశ్వత ఉద్యోగులతో పాటు కాంట్రాక్టు ఉద్యోగులకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. ఆయా, వాచ్‌మన్, వంటమనిషి, బస్సు డ్రైవరు, వార్డెన్ మొదలైన వారు పిల్లలతో గడిపే సమయం ఉపాధ్యాయుల కంటే తక్కువేమీ కాదు. హైదరాబాదులోని ఒక ప్రైవేటు పాఠశాలలో 2022లో నాలుగేళ్ల బాలికపై జరిగిన అత్యాచారంలో నేరస్థుడు ఆ పాఠశాల ప్రిన్సిపాల్ వద్ద పనిచేసే డ్రైవరు. న్యాయస్థానం 2023 ఏప్రిల్‌లో అతడికి 20 ఏళ్ల జైలుశిక్ష విధించింది. బోధనతో ఏ సంబంధమూ లేకపోయినా పాఠశాల ఆవరణలోకి రాగలిగే ప్రతి వ్యక్తి విషయంలో జాగ్రత్త అవసరమని ఈ ఘటన రుజువు చేసింది.

పరిశీలన జరిగే తీరు

లైంగిక నేరస్థుల జాతీయ సమాచార నిధిని కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2018 సెప్టెంబరులో ప్రారంభించింది. అయితే అందులోని వివరాలు పోలీసులకు, దర్యాప్తు సంస్థలకు మాత్రమే అందుబాటులో ఉంటాయి. కాబట్టి యాజమాన్యాలు అభ్యర్థి గుర్తింపు పత్రాలను, శాశ్వత, ప్రస్తుత చిరునామాలను సేకరించి పోలీసుల ద్వారానే పరిశీలన జరిపించాలి. గతంలో పనిచేసిన సంస్థలను స్వయంగా సంప్రదించి, అక్కడి ఉద్యోగం మానడానికి గల కారణాన్ని విచారించుట మంచిది.

నమోదు కాని నేరం

పోలీసు రికార్డు, నమోదైన నేరాన్ని మాత్రమే చూపగలదు. బ్రిటన్‌లోని సోహమ్ పట్టణంలో 2002లో ఇద్దరు పదేళ్ల బాలికలు హత్యకు గురయ్యారు. హంతకుడు స్థానిక పాఠశాలలో కేర్‌టేకరు. అతడిపై అంతకు ముందు వేరొక ప్రాంతంలో లైంగిక నేరాల ఆరోపణలు వచ్చినప్పటికీ ఆ సమాచారం నియామక సమయంలో పాఠశాలకు చేరలేదు. ఈ లోపాలపై జరిగిన విచారణ ఫలితంగా, పిల్లలతోను, నిస్సహాయ స్థితిలోని పెద్దలతోను పనిచేసే వారి పరిశీలనకు అక్కడ 2006లో ప్రత్యేక చట్టం వచ్చింది.

ఆరోపణ వచ్చిన ఉద్యోగిని, సంస్థకు చెడ్డపేరు వస్తుందన్న భయంతో గుట్టుచప్పుడు కాకుండా పంపివేస్తే అతడు మరో పాఠశాలలో చేరగలడు. అక్కడ జరిపే పోలీసు వెరిఫికేషన్‌లో అతడిపై ఏమీ కనిపించదు. అందువల్లనే నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలియజేయడాన్ని పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ తప్పనిసరి చేసింది. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి 21వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు.

వృద్ధులు, వికలాంగుల విషయంలో

పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు వారికే వర్తిస్తుంది. అయితే ఇతరుల సాయంపై ఆధారపడిన పెద్దలకు సైతం ఇటువంటి రక్షణే అవసరం. వికలాంగుల సంరక్షణ సంస్థలు రిజిస్ట్రేషన్ పొందాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దేశిస్తున్నది. కుటుంబ సభ్యులు ఆ ధ్రువపత్రాన్ని చూపమని కోరవచ్చు. ఇంటి వద్ద వృద్ధుల సేవకు సహాయకులను నియమించుకునేవారు ముందుగా పోలీసు వెరిఫికేషన్ జరిపించుకొనుట శ్రేయస్కరం.

బాలలపై వేధింపులను గమనించినవారు 1098కు, వృద్ధుల సమస్యలపై 14567కు, అత్యవసర పరిస్థితులలో 112కు ఫోన్ చేయవచ్చు. సకాలంలో అందిన ఒక్క ఫిర్యాదు ఆ బిడ్డనే గాక, అదే వ్యక్తి చేతిలో పడబోయే మరో బిడ్డను కూడా కాపాడగలదు.