పిల్లికి పల్లీ ముద్ద పెట్టవచ్చునా?

లోభివానిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు పిల్లికి బిచ్చమైనా పెట్టడని మనవారు అంటారు. రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో నివసించే మన తెలుగు కుటుంబాలకు ఈ నింద తగలదు. ఉదయపు ఫలహారం ముగిసేసరికి వాకిట చేరిన పిల్లికి ఇడ్లీ ముక్కతో పల్లీ పచ్చడి, పిల్లలున్న ఇండ్లలో రొట్టెకు పూసిన పీనట్ బటర్ లభిస్తూనే ఉంటాయి. ఇవి దానికి హాని చేస్తాయా అన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా, సమాధానంలో మనం సాధారణంగా ఊహించని అంశాలు కొన్ని ఉన్నాయి.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. వేరుశనగ గింజ స్వతహాగా పిల్లికి విషం కాదు. ఉప్పు, చక్కెర కలపని పీనట్ బటర్‌ను అది ఒకసారి నాకినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. పిల్లి తీపిని ఆశించి వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. తీపిని గుర్తించే గ్రాహకానికి అవసరమైన జన్యువు పిల్లి జాతిలో పనిచేయడం లేదని ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రజ్ఞులు 2005లో వెల్లడించారు. దానిని రప్పించేది కొవ్వు వాసన.

ఆ కొవ్వు లెక్క చూద్దాం. 16 గ్రాముల పీనట్ బటర్, అనగా ఒక పెద్ద చెంచాడు, సుమారు 95 కాలరీలను ఇస్తుంది. అందులో సగం బరువు కొవ్వే. నాలుగు కిలోల పిల్లికి రోజు మొత్తానికి కావలసినవి 200 నుండి 250 కాలరీలు. కాబట్టి ఒక్క చెంచాతో దాని దినభత్యంలో దాదాపు అయిదింట రెండు వంతులు తీరిపోతుంది. రోజుకు 2000 కాలరీలు తినే మనిషి ఒక్క పచ్చడితోనే 800 కాలరీలు తిన్నట్లు! వాంతులు, విరేచనాలు, క్రమేణా స్థూలకాయం దీని ఫలితాలు. పైగా ఆ జిగురు ముద్ద అంగిట అంటుకుని జంతువును ఉక్కిరిబిక్కిరి చేయవచ్చు.

కాలరీలు ఉన్నాయి, మాంసకృత్తులు నూటికి 25 పాళ్ళు ఉన్నాయి, ఇక లోటేమిటని శాకాహార కుటుంబాలవారు అడుగుతారు. పెరుగన్నం, పల్లీపొడితో పిల్లిని పెంచే ఇండ్లు మనలో లేకపోలేదు. డీజిల్ ఇంజనులో పెట్రోలు పోసి, రెండూ ఇంధనాలే కదా అనే మెకానిక్‌ను మనం పనిలో ఉంచుకుంటామా? పిల్లి తప్పనిసరిగా మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని తనకు చాలినంతగా అది తన శరీరంలో తయారుచేసుకోలేదు; వేరుశనగలో అది లేదు. పాలలోని కేసీన్‌నే మాంసకృత్తుల ఆధారంగా ఇచ్చిన పిల్లులలో కంటి రెటీనా క్షీణించడానికి టారిన్ లోపమే కారణమని 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అదే లోపం గుండె కండరాన్ని సాగదీసి బలహీనపరుస్తుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పరిశోధకులు నిరూపించారు. గుండె జబ్బును సకాలంలో గుర్తిస్తే టారిన్‌తో నయం చేయవచ్చును గాని, పోయిన చూపు తిరిగి రాదు. ఇంట మాంసం ముట్టనివారు, టారిన్ కలిపి తయారైన పిల్లుల ఆహారపు పొట్లాలను తెచ్చి వాడుకొనడం మేలు.

ఇక నా దృష్టిలో అసలు ప్రమాదం బజారు సీసాలో కన్న మన రోటిలోనే ఎక్కువ. మన పల్లీ పచ్చడిలో పల్లీలొక్కటే ఉండవు. వెల్లుల్లి ఉంటుంది, కొందరి ఇండ్లలో ఉల్లిపాయ కూడా ఉంటుంది. ఈ రెండూ పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీసి రక్తహీనతను కలిగిస్తాయి. శరీర బరువులో కిలోకు 5 గ్రాముల ఉల్లి చాలు, రక్తంలో మార్పులు కనిపించడానికి; అంటే నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ పాటి కూడా కాదు. వెల్లుల్లి అంతకన్న తీవ్రమైనది. వేయించినా, ఉడికించినా ఆ గుణం పోదు. ఒకనాటి పచ్చడి మరక ప్రాణం తీయకపోవచ్చు. నిత్యం పెట్టే ముద్దే ప్రమాదకరం.

సీసాలలోనూ తేడాలున్నాయి. చాకొలెట్ కలిసినవి అసలే పనికిరావు; కోకోలోని థియోబ్రోమిన్ పిల్లికి విషం. చక్కెరకు బదులు జైలిటాల్ కలిపిన రకాలు కుక్కలకు ప్రాణాంతకం. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో పిల్లులు దానిని తట్టుకొన్నట్లు తేలినా, ఆ భరోసాతో ప్రయోగాలు చేయడం వివేకం కాదు. జీడిపప్పు, బాదం ముద్దలకూ కొవ్వు లెక్క ఇదే.

బూజు సంగతి వేరు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు మరణించగా, వాటి దాణాలో కలిసిన బ్రెజిల్ వేరుశనగ పిండిలో అఫ్లటాక్సిన్ అనే విషం బయటపడింది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వేరుశనగలో ఈ విషాన్ని అరికట్టడానికి, తక్కువ ఖర్చుతో పరీక్షించడానికి ఏళ్ళ తరబడి కృషి చేసింది. వేయించినంత మాత్రాన ఇది పూర్తిగా నశించదు. ఛత్తీస్‌గఢ్ వానకాలంలో మూతలేని డబ్బాలో మెత్తబడి, రంగు మారిన పల్లీలను మనం తినకుండా ఏరి పారవేసి పిల్లికి పెట్టడం దయ అనిపించుకోదు. వాటిని చెత్తబుట్టకే పంపాలి.

మాత్రలను పీనట్ బటర్‌లో దాచి మింగించే అలవాటు కుక్కల యజమానుల నుండి పిల్లుల వారికి పాకింది. పిల్లికి కొద్దిపాటి ఉడికిన చేపముక్కే అందుకు మెరుగు. అయితే మాత్రను దేనిలో పెట్టారన్న దానికన్న అది ఏ మాత్ర అన్నది ముఖ్యం. జ్వరమని పారాసిటమాల్ ఇచ్చినవారు, మనిషి వాడే ఒక్క మాత్రతోనే పిల్లిని పోగొట్టుకొనవచ్చును. దాని కాలేయానికి ఆ మందును విరిచి పంపే శక్తి బహు తక్కువ.

పచ్చడి తిన్న రెండు మూడు రోజులకు పిల్లి తిండి మానివేసి, చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ముదురు రంగులోకి మారితే తెల్లవారేదాకా ఆగక పశువైద్యుని సంప్రదించాలి. దుర్గ్ సమీపాన అంజోరాలో పశువైద్య కళాశాల ఉన్నది. వెళ్ళేటప్పుడు సీసాను గాని, పచ్చడిలో వేసిన దినుసుల పట్టీని గాని వెంట తీసుకొనిపోతే వైద్యునికి సగం సమయం కలిసివస్తుంది.