పండ్లపెట్టెల చిత్రపు చీటీలు

పండ్లు తిని పెట్టెను పొయ్యిలో పెట్టుట లోకాచారము. ఆ పెట్టెకు అతికిన రంగుల చీటీని మాత్రము సేకరించి దాచుకొనువారు అమెరికాలో ననేకులు గలరు. ఇదేమి వేడుకయని మన రైతులు నవ్వవచ్చును. కాని యా కాగితములయందున్నది చాలవఱకు సహకార సంఘముల చరిత్రయే.

కాలిఫోర్నియాలోని రివర్‌సైడు అను నూర 1873లో ఎలిజా టిబ్బెట్సు అను నామె, బ్రెజిలు దేశపు గింజలేని నారింజ మొక్కలను ప్రభుత్వ వ్యవసాయశాఖనుండి తెప్పించి నాటెను. తోటలు శీఘ్రముగ విస్తరించెను. అయిన నేమి? తోట పడమటి తీరమున, అంగడి తూర్పు తీరమున. దళారి చెప్పినదే ధర. పండ్లు పంపిన రైతునకు ఒక్కొక్కప్పుడు రైలు కిరాయి బాకీయే మిగిలెడిది. ఈ బాధ కోర్వలేక 1893లో రైతులు కూడి విక్రయ సంఘమును స్థాపించుకొనిరి. అది 1908లో 'సన్‌కిస్టు' అను మార్కాను గ్రహించెను. 1952లో తానే యా పేరు వహించెను.

వేలమున కొనువాడు పెట్టెలన్నియు విప్పి చూడలేడు గదా! చీటీని చూచియే పాట పాడవలెను. అందుచే సుమారు పది పదకొండంగుళముల కాగితముపై తోటలు, మంచుకొండలు, గుఱ్ఱములు, చక్కని స్త్రీలు వెలసిరి. పెక్కు సంఘములు నీలపు రంగు నేలను మేలురకమునకు, ఎఱ్ఱనిదానిని దాని తరువాతి రకమునకు వాడెడివి. నీలపు చీటీక్రింద నాసి పండ్లు నింపినయెడల నొక్కని లోభమునకు తక్కిన తోటవారందఱి పేరును చెడును. నా దృష్టిలో చిత్రముకంటె నీ కట్టుబాటే గొప్పది.

ఈ చీటీలు తొలుత రాతి అచ్చున ముద్రింపబడెను. నునుపురాతిపై జిడ్డు మసితో బొమ్మ గీసి నీరు తడిపినచో, రంగు జిడ్డునకే యంటును, తడికి అంటదు. రంగు కొక రాయి కావలెను. మన పెద్దలీ పనితనమును ఎఱుగకపోలేదు: మాంచెస్టరు బట్టల తానులకు అంటించిన టికెట్లపై లక్ష్మియు, కృష్ణుడును ఇట్టి అచ్చుననే వచ్చిరి. అయితే ఆ దేవతలు మిల్లువాని సరుకునకు సాక్షులు. నారింజ చీటీ రైతు తన సరుకునకు తానే పెట్టుకొన్న పేరు.

1950 తరువాత కొలది యేండ్లలో కఱ్ఱపెట్టెలు పోయి అట్టపెట్టెలు వచ్చెను. వాడక మిగిలిన చీటీల కట్టలు గిడ్డంగులలో పడియుండెను. కంప్యూటరులకు ప్రాణమైన సూక్ష్మవిద్యుత్ ఫలకములను నిర్మించినవారిలో నొకరగు జే లాస్టు గారు వానిని సేకరించి, 1985లో మఱియొకరితో కలిసి వాని చరిత్రను ప్రకటించిరి. ఆయన సేకరించిన అచ్చుపటములు హంటింగ్టను గ్రంథాలయమునకు చేరెను.

మన బంగినపల్లి మామిడికి 2017లోను, వరంగల్లు చపాట మిర్చికి 2025లోను భౌగోళిక గుర్తింపు లభించెను. పేరునకు చట్టము తోడైనది, మేలే. అయినను రఘునాథపల్లి తోటవాడు అడితికి పంపు పెట్టెమీద అడితిదారుని గుర్తేగాని తోట పేరు తఱచు కానరాదు. పదిమంది కూడి ఒక చీటీ వేయించుకొనుటకు వ్యయమెంత?

పాత పెట్టెల మూతలలో బట్టల టికెట్లు గాని, విత్తనపు సంచుల చీటీలు గాని కనబడినచో లాగి చింపరాదు. విడిగా దొరకినవానిని జిగురు రాయక అట్టలనడుమ పరచి, ఎండ తగులనిచోట నుంచి, వెనుక పెన్సిలుతో ఊరిపేరు, దొరకిన సంవత్సరము వ్రాయవలెను. సంఘపు బీరువాలో నొక అర చాలును.