రెండు భాషల నటీమణులు

నరికుడి మొదలు అరుప్పుకోట, సాత్తూరు, కోవిల్‌పట్టి వరకు నల్లరేగడి చేల నడుమ ఉన్న మన తెలుగు ఇండ్లలో ఒక తగవు ఎన్నడూ తెగదు. టెలివిజనులో పాత చిత్రం వచ్చిందంటే పిల్లలు "ఈమె తమిళ నటి" అంటారు. అవ్వలు ఒప్పుకోరు. "కాదురా, మనవాళ్ళ పిల్లే!" అంటారు. కన్నాంబ వచ్చినా, భానుమతి వచ్చినా, సావిత్రి వచ్చినా ఇదే వరస. నిజానికి ఇద్దరి మాటా సత్యమే. అది ఎట్లాగో కొంత విచారించి చూడాలని మా ఉద్దేశం.

నటీమణుల ప్రతిభను గురించి వ్రాసేవారు సాధారణంగా కన్నులను, నవ్వును, నడకను వర్ణించి ఊరుకుంటారు. వాటితో మాకేమీ పేచీ లేదు. ఐతే అందంలో కొంత భాగం కెమెరామానుది, కొంత మేకప్ చేసినవారిది. నోటి మాట మాత్రం ఎవరిదో కాదు, నటిదే. ఒక భాషలో పుట్టి పెరిగి, మరొక భాషలో వేలాదిమందిని ఏడిపించి, నవ్వించి, పైగా ఆ భాషవారిచేత "మా నటి" అనిపించుకోవడం సామాన్యమైన పనికాదు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడుతూ తరతరాలుగా బ్రతుకుతున్న మనకు ఆ కష్టం ఎట్టిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ రోజులలో తెలుగు చిత్రాలకు, తమిళ చిత్రాలకు కూడా మదరాసే పుట్టిల్లు. ఒకే కథను రెండు భాషలలో తీయడం నిర్మాతలకు లాభసాటిగా ఉండేది. సెట్టు ఒకటే, సాంకేతిక సిబ్బంది ఒకరే. నటులు మాత్రం కొందరు మారేవారు. 1955లో విజయావారు తీసిన "మిస్సమ్మ"నే తీసుకోండి. తెలుగులో రామారావు నాయకుడు, తమిళంలో జెమినీ గణేశన్. నాగేశ్వరరావు వేషాన్ని తమిళంలో తంగవేలు ధరించారు. సావిత్రి, జమున మాత్రం రెండింటిలోనూ ఉన్నారు. అంటే ఒకే కోపాన్ని, ఒకే అలకను, ఇద్దరు వేరు వేరు నాయకుల ఎదుట, రెండు భాషలలో వారు పలికించారన్నమాట. మగవారిని మార్చవలసి వచ్చిన చోట ఆడవారిని మార్చనక్కర లేకపోయింది. ఈ సంగతిని మన పత్రికలు గుర్తించినట్లు కనబడదు.

వీరిలో పెద్ద పసుపులేటి కన్నాంబగారు. రంగస్థలం మీద పద్యం చదివి, చప్పట్లు అందుకొని వచ్చినవారు. 1935లో "హరిశ్చంద్ర"లో చంద్రమతిగా తొలిసారి తెరమీద కనబడ్డారు. మరుసటి సంవత్సరం "ద్రౌపదీ వస్త్రాపహరణం"లో ద్రౌపది. ఆ ఏడు ద్రౌపది కథ మీద రెండు చిత్రాలు పోటీగా వచ్చినవి; కన్నాంబ ద్రౌపదే జనానికి నచ్చింది. 1938లో "గృహలక్ష్మి"లో సంసారం కూలిపోతూ ఉంటే చూస్తూ భరించే ఇల్లాలు. కాంచనమాల అందులో ఆ సంసారంలో చిచ్చుపెట్టే వేషం. ఇంతవరకు అన్నీ సాధ్వీమణుల పాత్రలే గదా, ఆమె దారి అదేనేమో అనుకున్నవారికి 1941లో తమిళంలో "అశోక్‌కుమార్" సమాధానం చెప్పింది. త్యాగరాజ భాగవతార్ కుణాలుడు; కన్నాంబ అతని సవతితల్లి తిష్యరక్షిత. సవతి కొడుకును కామించి, కాదన్నందుకు పగబట్టే రాణి అది. ఆ మరుసటి సంవత్సరమే, 1942లో, జూపిటర్‌వారి "కన్నగి"లో కన్నగి!

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలని మా కోరిక. కన్నగి అంటే తమిళులకు పాత్ర మాత్రమే కాదు, దేవత. మధురలో పాండ్యరాజు ఎదుట నిలబడి న్యాయం అడిగిన స్త్రీ. మధురకు ఎంతో దూరంలో లేని మన ప్రాంతంలో ఆ కథ తెలియని గడప లేదు. ఇళంగోవన్ వ్రాసిన గంభీరమైన సంభాషణలను పలికి, ఆ దేవతను తెరమీద నిలబెట్టినది ఒక తెలుగు స్త్రీ. కోవలన్‌గా నటించిన చిన్నప్ప పుదుక్కోట వాసి, కంచుకంఠం గలవాడు. అతని ప్రక్కన ఆమె వెలవెలబోలేదు సరికదా, న్యాయసభ ఘట్టంలో తెర అంతా ఆమెదే అయింది. పన్నెండేళ్ళ తరువాత 1954లో "మనోహర". కరుణానిధి మాటలు, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, సంకెళ్ళలో శివాజీ గణేశన్. అంతటి వాగ్ధాటిగల నటుని ఎదుట తల్లి వేషంలో కన్నాంబ నోరు విప్పేవరకే అతని ప్రతాపం అని చూచినవారు చెప్పుకొనేవారు. మా మట్టుకు మాకు ఆమె ఉచ్చారణలో అక్కడక్కడ తెలుగు వాసన తగులుతుంది. అది లోపమని మేము అనుకోము. 1964లో కన్నాంబగారు పరమపదించారు.

ఇక మన జిల్లాల వారికి మరీ దగ్గరయిన వేషం ఒకటి ఉన్నది. 1959లో బి.ఆర్. పంతులు తీసిన "వీరపాండియ కట్టబొమ్మన్"లో జక్కమ్మ. కట్టబొమ్ముని భార్యగా ఎస్. వరలక్ష్మి నటించారు. పాంచాలంకురిచ్చి కోటలో రాజకంబళం వారి ఇంటి భాష తెలుగు. జక్కమ్మ ఆ వంశం కొలిచే దేవత పేరు. 1799 అక్టోబరు 16న కంపెనీవారు కట్టబొమ్ముని ఉరితీసిన కయత్తారు కోవిల్‌పట్టికి కూతవేటు దూరం. శివాజీ గణేశన్ తరువాత అక్కడ కట్టబొమ్ముని విగ్రహం నిలిపారు. ఆ చిత్రం 1960లో కైరోలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవానికి వెళ్ళి, శివాజీకి ఉత్తమనటుడన్న కీర్తి తెచ్చింది. అందరూ ఆయన గర్జనను గురించే చెబుతారు. మేము వరలక్ష్మి గురించి చెప్పదలచినాము.

జక్కమ్మ పాత్రకు నిడివి తక్కువ. గర్జనలు లేవు, కత్తి లేదు. యుద్ధానికి పోయే భర్తను పంపవలసిన భార్య. ఆ చిన్న చోటులో ఆమె తన పాటలు తానే పాడి, రాణితనాన్ని, ఇల్లాలితనాన్ని కలిపి చూపారు. జగ్గంపేటలో పుట్టి, 1937లో "బాలయోగిని"లో బాలనటిగా ప్రవేశించిన మనిషి ఆమె. 1948లో "బాలరాజు"లో నాగేశ్వరరావు ప్రక్కన నటించారు. 1965లో "సత్యహరిశ్చంద్ర"లో రామారావు హరిశ్చంద్రుడైతే చంద్రమతి ఆమెయే. కన్నాంబ ముప్పై ఏళ్ళ క్రితం వేసిన వేషం అది. చాలా కాలం తరువాత, 1991లో "గుణా" చిత్రంలో కమలహాసన్ తల్లిగా కనిపించినపుడు ఈ తరం పిల్లలు ఆమెను గుర్తించలేదు. 2009లో ఆమె కన్నుమూశారు. ఒక్క సంగతి మా మనసులో మెదులుతూ ఉంటుంది: కోటలో తెలుగు మాట్లాడిన దంపతుల కథను తెరకెక్కించినపుడు, రాణి వేషం వేసినది తెలుగు నటి అయి ఉండీ, ఆ ఇంటి భాష తెరమీద వినబడలేదు. తమిళ చిత్రం గనుక తప్పుపట్టనక్కర లేదు. మన ఎడశెవల్ కి. రాజనారాయణన్‌గారు కూడా మన వలసకథను తమిళంలోనే గదా వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నది! ఐనా మనసు ఊరుకోదు.

భానుమతిగారి విషయానికి వస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. 1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో జననం. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీత ప్రియులు. 1939లో సి. పుల్లయ్యగారి "వరవిక్రయం"లో కాళిందిగా తెరకెక్కారు. కట్నపు బేరానికి బలియైన పిల్ల వేషం. 1945లో బి.ఎన్. రెడ్డిగారి "స్వర్గసీమ"లో వీధిలో ఆడిపాడి, నాటకాలలోకెక్కి, ఒక సంసారాన్ని చిన్నాభిన్నం చేసే యువతి. అదే దర్శకుడు 1951లో "మల్లీశ్వరి" తీసినపుడు, రాయలవారి అంతఃపురంలో చిక్కుకొని బావకోసం విలపించే పల్లెపడుచు. ఈ రెంటినీ ఒకదాని వెంట ఒకటి చూచినవారు ఒకే మనిషి అని నమ్మడం కష్టం. 1954లో "విప్రనారాయణ"లో దేవదేవి. ఇది తొండరడిప్పొడి ఆళ్వారు కథ. శ్రీరంగం ఉత్సవాలకు పోయివచ్చే మన వైష్ణవ కుటుంబాలకు పరిచయమైనదే. ఆళ్వారును మోహింపజేయ వచ్చి, తానే మారిపోయే వేశ్య మనసును భానుమతి చూపుతోనే చెప్పారు.

తమిళంలో 1954లో ఎం.జి.ఆర్. ప్రక్కన "మలైక్కళ్ళన్", 1956లో రంగుల "అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం", 1958లో "నాడోడి మన్నన్". నాయకుడు ఎంతటివాడైనా అతని వెనుక నిలబడే నాయికగా ఆమె ఎన్నడూ కనబడలేదు. మాటకు మాట, చూపుకు చూపు. అందువల్ల గర్విష్ఠి అన్న పేరు కూడా రాకపోలేదు. మాకు తోచినంతవరకు, అది గర్వం కాదు. తన పనిలో తనకు తెలిసినంత మరొకరికి తెలియదన్న నిబ్బరం. ఆ నిబ్బరంతోనే 1953లో "చండీరాణి"ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషలలోనూ తానే దర్శకత్వం వహించి తీశారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళ వేషాలు కూడా తానే వేశారు. భర్త రామకృష్ణారావుగారితో కలిసి నడిపిన భరణీ సంస్థ ఆమె కార్యశాల. పాడినది ఆమె, వ్రాసినది ఆమె, సంగీతం కూర్చినదీ ఆమె.

1962లో ఏ.వి.ఎం. వారి తమిళ చిత్రం "అన్నై". చెల్లెలి బిడ్డను తన బిడ్డగా పెంచి, వాడు చేయిజారి పోతాడేమోనని అనుక్షణం భయపడే తల్లి. కన్న తల్లి వేషం షావుకారు జానకిది. భర్త వేషం ఎస్.వి. రంగారావుగారిది. తమిళ చిత్రానికి ఆయువుపట్టయిన ముగ్గురూ తెలుగువారే! పెంపుడుతల్లి ప్రేమలో ఉండే స్వార్థాన్ని కూడా దాచకుండా చూపించడం భానుమతికే చెల్లింది. అట్టి సాహసం మరొక నటి చేసినట్లు మాకు గుర్తులేదు.

సావిత్రిని గురించి విస్తరించి వ్రాయము. 2018లో వచ్చిన "మహానటి" తరువాత ఆమె కథ చంటిపిల్లలకు కూడా తెలుసు. కాని ఆ కథలోని కన్నీటికి ఇచ్చినంత శ్రద్ధ ఆమె పనికి కూడా ఇవ్వాలని మా మనవి. 1957 "మాయాబజార్"లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నపుడు, ఆ సుకుమారమైన దేహంలో రాక్షసుని బడాయిని ఆమె ఎట్లా ఇమిడ్చారో చూడండి. రంగారావుగారి నడకను, మీసం మెలివేయడాన్ని అక్షరాలా పట్టుకున్నారు. 1964 "నవరాత్రి"లో శివాజీ తొమ్మిది వేషాల ఎదుట తమిళంలో నిలిచి, 1966లో నాగేశ్వరరావు తొమ్మిది వేషాల ఎదుట తెలుగులో నిలిచిన ఒకే ఒక్క నటి ఆమె. 1968లో "చిన్నారి పాపలు"కు దర్శకత్వం వహించి, సంగీతం పి. లీలకు అప్పగించి, ముఖ్యశాఖలన్నీ స్త్రీలకే ఇచ్చారు. ఆ సాహసం ఆమెకు డబ్బు మిగల్చలేదు. "మూగమనసులు"ను 1971లో "ప్రాప్తం" పేరుతో తమిళంలో తీసినది కూడా ఆమెయే; అదీ నష్టమే.

సూర్యకాంతంగారిది వేరే రాజ్యం. ఆమె పేరు పెట్టుకోవడానికే జనం జంకారని లోకంలో ఒక మాట ఉన్నది. గయ్యాళితనాన్ని అంత ముచ్చటగా చూపించడం ప్రతిభ కాక మరేమిటి? ఐతే ఆమె ఎడమచేతి వాటం, ఆ గోదావరి మాట యాస మరొక భాషలోకి దిగవు. ఆమె ముఖ్యంగా తెలుగుకే దక్కారు, మంచిదే.

షావుకారు జానకిగారు రేడియోలో మాట్లాడుతూ ఉండగా సినిమా పిలిచింది. 1950లో విజయావారి తొలి చిత్రం "షావుకారు" ఆమెకు ఇంటిపేరైపోయింది. తమిళులు కూడా ఆమెను "సౌకార్" అనే అంటారు, ఆ మాట ఏ చిత్రం పేరో ఎరుగకపోయినా. 1964 "పుదియ పరవై"లో షోకైన భార్య. 1969 "ఇరు కోడుగళ్"లో భర్త విడిచిపెట్టగా చదువుకొని కలెక్టరై వచ్చే స్త్రీ. దానిని 1972లో "కలెక్టర్ జానకి"గా తెలుగులో తీసినపుడు ఆ వేషం జమునకు వచ్చింది. రెండూ చూచి పోల్చుకొనే అవకాశం మనవంటి రెండు భాషల వారికే ఉన్నది. జమున కలెక్టరులో దర్పం ఎక్కువ, జానకి కలెక్టరులో గాయం ఎక్కువ అని మా అభిప్రాయం. 1970లో తానే నిర్మించిన "కావియ తలైవి"లో తల్లీ కూతురూ ఆమెయే. ఇంత ఏడిపించిన మనిషి 1981లో "తిల్లుముల్లు"లో, రజనీకాంత్‌కు దొంగతల్లిగా నటించ ఒప్పుకొని, దానిని కప్పిపుచ్చడానికి మరొక కవలను కూడా కల్పించి, హాలంతా నవ్వులతో నింపారు. 2022లో, తొంభై ఏళ్ళ వయస్సులో, ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. భానుమతిగారికి అది 1966లోనే వచ్చింది.

ఈ రోజులలో ఒక భాష నటి మరొక భాష చిత్రంలో నటించడం విశేషం కాదు. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అయితే చాలు. దానివల్ల చిత్రాలు త్వరగా పూర్తవుతాయి, నిజమే. కాని మన ఇండ్లలోనూ ఇదే జరుగుతున్నదని మాకు దిగులు. పిల్లల ముఖాలు మనవే. మాట మాత్రం రోజురోజుకు తెలుగు విడిచిపెడుతున్నది. చదవడం, వ్రాయడం ఏనాడో పోయింది. చెవి ఒక్కటి మిగిలింది. ఆ చెవికి వినిపించదగినవి ఈ చిత్రాలు.

వాటితోపాటు భానుమతిగారి "అత్తగారి కథలు" కూడా. ఆమె గొంతులాగే ఆమె కలం కూడా గడుసుది. మడి, ఆచారం, అమాయకత్వం, మొండితనం కలబోసిన ఆ అత్తగారిని చదువుతూ ఉంటే మన ఇంటి పెద్దవారెవరో ఒకరు గుర్తుకు రాకమానరు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దానికి బహుమతి ఇచ్చింది. తెలుగు లిపి వచ్చినవారు వీధిలో ఒక్కరున్నా చాలు, సాయంకాలం పైకి చదివితే పదిమంది వినవచ్చును. ముందుగా ఆవకాయ కథతో మొదలుపెట్టండి, నవ్వు దానంతట అదే వస్తుంది.